ఇంటి వంట: సృజన, ప్రోత్సాహం, సంప్రదాయం – కర్నూలు, కడప ప్రాంతాల పరిశీలన

లక్ష్యాలు

ఈ పాఠాన్ని చదివిన తరువాత మీరు:
• ఒక ప్రాంతపు నేల, వాన, ధాన్యం ఆ ప్రాంతపు ఇంటి వంటను ఎలా రూపొందిస్తాయో వివరించగలుగుతారు.
• ఇంటి వంటలో సృజన ఏ రూపంలో ఉంటుందో ఉదాహరణలతో చెప్పగలుగుతారు.
• సంప్రదాయం మార్పు లేకుండా వచ్చినదా, మారుతూ వచ్చినదా అనే విషయాన్ని చర్చించగలుగుతారు.
• వంట చేసేవారి శ్రమకు గుర్తింపు ఎందుకు అవసరమో విశ్లేషించగలుగుతారు.

1. పరిచయం

సంస్కృతి అనగానే మనకు గుడి గోపురం, కావ్యం, శిల్పం, నాట్యం గుర్తుకు వస్తాయి. పొద్దున లేచింది మొదలు ఇంట్లో జరిగే వంట మాత్రం గుర్తుకు రాదు. అది రోజూ జరిగేది, రోజూ అయిపోయేది కావడమే ఇందుకు కారణం. శిల్పం వేయి ఏళ్ళు నిలుస్తుంది. సంగటి ముద్ద పూట గడిచేలోగా కనిపించకుండా పోతుంది. అయితే ఆ ముద్దను చేసే విద్య తరతరాలుగా నిలిచి ఉంది. జానపద విజ్ఞానంలో ఇలాంటి విద్యలను భౌతిక సంస్కృతి అనే విభాగం కింద అధ్యయనం చేస్తారు. ఇల్లు కట్టడం, బట్ట నేయడం, కుండ చేయడం ఎలా ఈ విభాగంలోకి వస్తాయో వంట కూడా అలాగే వస్తుంది.

ఈ పాఠంలో ఇంటి వంటను మూడు కోణాల నుంచి పరిశీలిద్దాం. మొదటిది సృజన, అంటే ఉన్న కొద్ది సరుకుతో కొత్తదాన్ని కల్పించే శక్తి. రెండవది సంప్రదాయం, అంటే పెద్దల నుంచి అందుకొని పిల్లలకు అందించే క్రమం. మూడవది ప్రోత్సాహం, అంటే వంట తినేవారికి ఇచ్చే ధైర్యం, వంట చేసేవారికి అందవలసిన మెప్పు. ఈ మూడింటికీ ఒకదానితో ఒకటి సంబంధం ఉంది. వండేవారికి మార్చుకొనే స్వేచ్ఛ, చేసినదానికి గుర్తింపు ఉన్నంతకాలమే వంటలో సంప్రదాయం బతుకుతుందని ఈ పాఠం వివరిస్తుంది.

పరిశీలనకు రాయలసీమలోని కర్నూలు, కడప ప్రాంతాలను తీసుకున్నాం. 2022 ఏప్రిల్‌లో జిల్లాల పునర్విభజన జరిగింది. అయినా సౌలభ్యం కోసం ఇక్కడ పాత జిల్లాల సరిహద్దులనే పాటిస్తున్నాం. కాబట్టి నంద్యాల, రాయచోటి ప్రాంతాలు కూడా మన పరిశీలనలో భాగమే.

2. నేల, వాన, ధాన్యం

1800లో నిజాం ప్రభువు ఈ ప్రాంతాలలో చాలా భాగాన్ని ఈస్టిండియా కంపెనీకి అప్పగించాడు. అప్పటి నుంచి బళ్ళారి, కడప, కర్నూలు, అనంతపురం ప్రాంతాలకు దత్త మండలాలనే పేరు వచ్చింది. 1928లో నంద్యాలలో జరిగిన సభల్లో దత్త మండలాలకు రాయలసీమ అనే పేరు ఖాయమయింది. బళ్ళారి నేడు కర్ణాటకలో ఉంది. ఈ పాత సంబంధాన్ని గుర్తుంచుకోండి. కర్నూలు వంటింట్లో వినిపించే కన్నడ మాటల వెనుక ఈ చరిత్ర ఉంది.

ఈ ప్రాంతంలో వాన తక్కువ. కురిసే వాన కూడా వేళకు కురవదు. 1876–78 మధ్య వచ్చిన మహా క్షామాన్ని ఇక్కడి పెద్దలు ధాత కరువుగా చెప్పుకొనేవారు. ధాత నామ సంవత్సరంలో మొదలైనందువల్ల ఆ పేరు వచ్చింది. 1952 కరువులో ప్రజలను ఆదుకోవడానికి గంజి కేంద్రాలు నడపవలసి వచ్చింది. సీమ బతుకులోని ఈ లేమిని విద్వాన్ విశ్వం తన 'పెన్నేటి పాట' కావ్యంలో చిత్రించారు.

నేల అంతా ఒకే రకం కాదు. కుందూ నది పరీవాహక ప్రాంతమైన నంద్యాల, కోయిలకుంట్ల, ప్రొద్దుటూరు వైపు నల్ల రేగడి నేలలు ఉన్నాయి. రేగడి నేల తేమను ఎక్కువ కాలం పట్టి ఉంచుతుంది. వానలు వెనుకబడినా ఆ తేమతో జొన్న పండుతుంది. పత్తికొండ, డోన్, రాయచోటి వైపు ఎర్రనేలలు ఎక్కువ. అక్కడ రాగి, కొర్ర, సజ్జ, వేరుశనగ వంటివి పండుతాయి. అందువల్లనే కర్నూలు వైపు జొన్నరొట్టెకు, కడప వైపు రాగి సంగటికి ప్రాధాన్యం వచ్చింది.

వరి సంగతి వేరు. 1863–70 మధ్య మద్రాసు ఇరిగేషన్ అండ్ కెనాల్ కంపెనీ తుంగభద్ర నీటితో కర్నూలు–కడప కాలువను తవ్వింది. ఆ కాలువ కింద వరి పెరిగింది. కాలువ అందని ఊళ్ళలో మాత్రం వరన్నం చాలాకాలం పండుగనాటి కూడుగానే ఉండిపోయింది. ఒకే జిల్లాలో కాలువ గట్టు ఊరి వంట ఒకలాగా, మెట్ట ఊరి వంట మరొకలాగా ఉండటానికి కారణం ఇదే.

3. సృజన: కొన్నింటితోనే ఎన్నో

సృజన అంటే ఎన్నో వస్తువులు చేతిలో ఉన్నప్పుడు మాత్రమే సాధ్యమయ్యేది కాదు. వస్తువులు కొద్దిగా ఉన్నప్పుడు ప్రతి వస్తువునూ ఎన్ని విధాలుగా వాడవచ్చో ఆలోచించవలసి వస్తుంది. సీమ వంటలో కనిపించే సృజన ఇలాంటిదే. కొన్ని ఉదాహరణలు చూద్దాం.

అ) జొన్నరొట్టె

గోధుమపిండిని తడిపితే సాగుతుంది. దానిలోని గ్లూటెన్ అనే మాంసకృత్తి ఇందుకు కారణం. జొన్నపిండిలో గ్లూటెన్ లేదు. చన్నీళ్ళతో తడిపి కర్రతో వత్తబోతే అది అంచుల వెంట పగిలిపోతుంది. ఈ ఇబ్బందిని మన ఇళ్ళలోని స్త్రీలు ఏనాడో దాటారు. పిండిలో మరిగే నీళ్ళు పోస్తారు. వేడికి పిండిలోని గంజి పదార్థం ఉబ్బి జిగురెక్కుతుంది. ఆ జిగురే గ్లూటెన్ చేయవలసిన పనిని చేస్తుంది. తరువాత పిండిని బాగా పిసికి, ముద్ద చేసి, పలక మీద పొడిపిండి చల్లి అరచేత్తో తడుతూ గుండ్రంగా తిప్పుతారు. పెనం మీద వేశాక పైభాగాన్ని తడిగుడ్డతో తుడుస్తారు. అలా చేస్తే పైనున్న పొడిపిండి తడిసి, రొట్టె బీటలు వారకుండా ఉంటుంది. కాల్చి ఎండబెట్టిన రొట్టెలు రోజుల తరబడి నిలవ ఉంటాయి. పొలానికీ, ప్రయాణానికీ అవే తోడు.

ఆ) రాగి సంగటి

నూకలు మెత్తగా ఉడికిన తరువాత రాగిపిండిని మధ్యలో కుప్పగా పోసి, కలపకుండా మూత పెడతారు. సన్నని సెగ మీద ఆవిరి పిండిలోకి ఎక్కుతుంది. ఆ తరువాతే తెడ్డుతో బలంగా కలియబెడతారు. ముందే కలిపితే పిండి ఉండలు కట్టి లోపల పచ్చిగా మిగిలిపోతుంది. చేతికి తడి చేసుకొని ముద్దలు కడతారు. 100 గ్రాముల రాగుల్లో సుమారు 340 నుంచి 360 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటుంది. తెల్లబియ్యంలో అది 10 మిల్లీగ్రాముల దరిదాపుల్లోనే ఉంటుంది. ఎండలో కాయకష్టం చేసేవారి కూడుగా సంగటి నిలబడటంలో ఆశ్చర్యం లేదు.

ఇ) వేరుశనగ

కోనసీమ వంటలో కొబ్బరికి ఉన్న చోటు సీమ వంటలో వేరుశనగది. దీనిని చెనక్కాయలనీ, కర్నూలు వైపు బుడ్డలనీ అంటారు. వేయించి ఎండుమిరపకాయలు, తెల్లగడ్డ, చింతపండు, ఉప్పుతో నూరితే ఊరిబిండి అవుతుంది. పొడి కొడితే వంకాయకు కారం అవుతుంది. ముద్దగా నూరి పులుసులో కలిపితే చిక్కదనం వస్తుంది. బెల్లంతో కలిపితే చిక్కీ అవుతుంది. గానుగ ఆడితే తాలింపుకు నూనె. వేరుశనగలో నాలుగో వంతు దాకా మాంసకృత్తులు ఉంటాయి. జొన్న, రాగి వంటి ధాన్యాలకు తోడుగా చెనక్కాయలు, కందిబ్యాళ్ళు, ఉలవలు, అలసందలు తినడం వల్ల పేద ఇంటి కంచంలోనూ కొంత సమతుల్యత వచ్చింది.

ఈ) వరుగులు

పత్తికొండ ప్రాంతం టమోటాకు పేరుపొందింది. ధర పడిపోయినప్పుడు రైతులు పంటను రోడ్డు పక్కన పారబోసిన సంగతి మీరు వార్తల్లో చూసే ఉంటారు. ఇంటి స్థాయిలో దీనికి పాత ఉపాయం ఒకటి ఉంది. టమోటాలు కోసి, ఉప్పు చల్లి, ఎండలో ఎండబెట్టి వరుగులు చేస్తారు. గోరుచిక్కుడు, వంకాయ వంటివాటినీ ఇలాగే ఎండబెడతారు. సీమలో కొరత లేనిది ఎండ ఒక్కటే. ఆ ఎండనే నిలవకు సాధనంగా చేసుకోవడం ఇక్కడి తెలివి.

ఇక కొలతల విషయం. రొట్టె చేయడం నేర్చుకొనే మనవరాలు "ఎన్ని నీళ్ళు పొయ్యల్ల అవ్వా?" అని అడిగితే, "పిండి అడిగినన్ని పొయ్యి పాపా" అంటుంది అవ్వ. వినడానికి ఇది దాటవేతలా ఉంటుంది. నిజానికి సరైన సమాధానం అదే. కొత్త జొన్నల పిండి పీల్చే నీరు వేరు, పాత జొన్నల పిండి పీల్చే నీరు వేరు. మెత్తగా ఆడిన పిండికీ, బరకగా ఆడిన పిండికీ తేడా ఉంటుంది. ఒకే కొలత అన్నింటికీ సరిపోదు. మైకేల్ పొలానీ అనే తత్త్వవేత్త 1966లో ప్రచురించిన గ్రంథంలో ఇటువంటి తెలివిని గురించి చర్చించాడు. మనకు తెలిసినదంతా మాటల్లో చెప్పగలిగినది కాదని ఆయన వాదన. దీనిని అవ్యక్త జ్ఞానం అనవచ్చు. అవ్వ చేతివేళ్ళలో ఉన్నది ఈ అవ్యక్త జ్ఞానమే. పక్కన కూర్చొని, చేయి కలిపి నేర్చుకుంటేనే అది అందుతుంది.

అయితే ఒక హెచ్చరిక. లేమి నుంచి సృజన పుట్టిందని చెప్పడం లేమిని పొగడటం కాదు. కరువులో ఎంతోమంది ఆకలితో చనిపోయారు. ఉపాయాలన్నీ అయిపోయిన ఇళ్ళూ ఉన్నాయి. ఇక్కడ మనం మెచ్చుకోవలసింది కరువును తట్టుకొన్న మనుషుల తెలివిని మాత్రమే.

మీ ప్రగతిని సరిచూసుకోండి
1. కర్నూలు వైపు జొన్నరొట్టె, కడప వైపు రాగి సంగటి ప్రధానం కావడానికి భౌగోళిక కారణం ఏమిటి?
2. జొన్నపిండిని వేడినీళ్ళతో ఎందుకు కలుపుతారు?
3. అవ్యక్త జ్ఞానం అంటే ఏమిటి?

4. సంప్రదాయం: మారుతూ నిలిచేది

'ఇది మా తాతల నాటి వంట' అని మనం తరచుగా అంటాం. ఆ మాటలో ఎంత నిజం ఉందో పరిశీలిద్దాం.

శ్రీకృష్ణదేవరాయలు 16వ శతాబ్దం తొలినాళ్ళలో 'ఆముక్తమాల్యద' రచించాడు. అందులో విష్ణుచిత్తుడు తన ఇంటికి వచ్చిన అతిథులకు ఋతువును బట్టి వేరువేరు భోజనాలు పెడతాడు. వానకాలపు భోజనంలో అన్నం, పప్పు, కూరలతో పాటు వడియాలు, వరుగులు కూడా ఉన్నాయి. ఐదు వందల ఏళ్ళ నాటి కావ్యంలో ఉన్న వరుగులు నేటికీ సీమ మిద్దెల మీద ఎండుతున్నాయి. కాలాన్ని బట్టి వండటం, ఎండాకాలంలో దాచింది వానకాలంలో తీయడం అనే క్రమం ఇంతకాలం నిలిచింది. సంప్రదాయానికి ఉన్న కొనసాగింపు ఇది.

ఇప్పుడు రెండో వైపు చూడండి. ఎండుమిరపకాయల కారం లేని సీమ వంటను మీరు ఊహించగలరా? కాని మిరప పుట్టిన నేల అమెరికా ఖండం. పోర్చుగీసు వర్తకుల ద్వారా 16వ శతాబ్దంలో అది మన దేశానికి వచ్చింది. అంతకు ముందు కారానికి ఆధారం మిరియాలే. మిరియం, మిరప అనే రెండు మాటల పోలికను గమనించండి. వేరుశనగది కూడా దక్షిణ అమెరికాయే. మన ప్రాంతంలో అది విస్తారంగా సాగులోకి వచ్చింది 19వ శతాబ్దం చివర, 20వ శతాబ్దం తొలి దశాబ్దాల్లో. టమోటా కూడా ఆ ఖండం నుంచి వచ్చినదే. అంటే రాయల కాలపు వంటింట్లో ఊరిబిండి లేదు. ఈనాడు ఊరిబిండి లేనిదే అది సీమ భోజనమే కాదంటాం. ఎవరో ఒక ఇంట్లో, ఎవరో ఒక స్త్రీ, కొత్తగా వచ్చిన గింజను పాత రోట్లో వేసి నూరింది. రుచి నచ్చింది. పక్కింటికి పాకింది. కూతురి వెంట అత్తగారి ఊరికి చేరింది. మూడు నాలుగు తరాలు గడిచేసరికి అది సంప్రదాయం అయింది.

చరిత్రకారుడు ఎరిక్ హాబ్స్‌బామ్ 1983లో టెరెన్స్ రేంజర్‌తో కలిసి సంప్రదాయాల కల్పన గురించి ఒక గ్రంథాన్ని వెలువరించాడు. అందులో ఆయన రెండింటి మధ్య భేదం చూపించాడు. మార్పు లేదని చెప్పుకొనే లాంఛనాలు ఒక రకం. జీవితంతో పాటు కొంతమేరకు మారే వాడుకలు రెండో రకం. ఇంటి వంట ఈ రెండో రకానికి చెందినదని మనం చెప్పవచ్చు. పాతదానితో పొందిక చెడకుండా కొత్తదాన్ని రానివ్వడం దాని స్వభావం.

ఇరుగుపొరుగు ఇచ్చిపుచ్చుకోవడం కూడా ఈ మార్పులో భాగమే. కర్నూలువారి ఉగ్గానిని చూడండి. బొరుగులను నీళ్ళలో నానబెట్టి పిండి, ఎర్రగడ్డలు, పచ్చిమిరపకాయల తాలింపులో వేసి, పుట్నాలపప్పు పొడి చల్లుతారు. పక్కన మిరపకాయ బజ్జీ ఉంటుంది. కన్నడంలో తాలింపును 'ఒగ్గరణె' అంటారు. ఉగ్గాని అనే పేరు ఆ మాటకు దగ్గరగా ఉంది. బళ్ళారి, రాయచూరు వైపు బొరుగులతో ఇదే వంటకం చేస్తారు. భాషలు వేరైనా పొయ్యి మీది తాలింపు ఒకటే. అలాగే మన ఊళ్ళలో పీర్ల పండుగకు హిందువులు, ముస్లింలు కలిసి బెల్లం, మలీద చదివించడం ఉంది. కర్నూలు, కడపలను నవాబులు పాలించిన కాలం నుంచి ఈ రెండు పట్టణాల వంటలో బిర్యానీ, ఖీమా, షీర్ ఖుర్మా భాగమయ్యాయి. రంజాన్ నాడు పొరుగింటి నుంచి షీర్ ఖుర్మా గిన్నె రావడం, ఉగాది నాడు ఆ గిన్నెలో ఓళిగలు పెట్టి పంపడం చాలా వీధుల్లో మామూలు విషయం.

ధాన్యాల మధ్య గౌరవ భేదం కూడా సంప్రదాయంలో భాగమేనని మరవరాదు. వరన్నం గొప్పవారి కూడు, సంగటి కూలివారి కూడు అనే భావన మన సమాజంలో బలంగా ఉండేది. 16వ శతాబ్దపు కన్నడ కవి కనకదాసు 'రామధాన్య చరిత్రె' అనే కావ్యంలో వరికీ, రాగికీ వాదం పెట్టి, చివరికి రాముడి చేత రాగికే గెలుపు ఇప్పించాడు. కూడును బట్టి మనిషిని తక్కువ చేయడాన్ని ప్రశ్నించిన రచన అది. సంప్రదాయాన్ని గౌరవించేటప్పుడు దానిలోని ఈ ఎక్కువ తక్కువలను కూడా గుర్తించాలి.

5. ప్రోత్సాహం: పెట్టేవారికి ఏమి అందుతుంది?

వంట తినేవారికి ధైర్యాన్ని ఇస్తుంది. ఈ మాటకు వివరణ అవసరం లేదు. పొలం పోయేవారికి కట్టిన సద్దిమూట, బాలింతకు పెట్టే పథ్యం, పరీక్షకు పోయే బిడ్డ చేతిలో పెట్టే పెరుగన్నం, పట్నంలో చదివే కొడుక్కి పంపే ఊరగాయ జాడీ, ఇవన్నీ మాటలు లేని ప్రోత్సాహాలే. 'నీ కష్టం నాకు తెలుసు, నీ వెనుక నేనున్నాను' అని చెప్పడానికి మన పెద్దలు వాడిన భాష వంట. నోటితో మెచ్చుకోవడం అలవాటు లేని ఇళ్ళలో కంచంలో పడిన రెండో ముద్దే మెప్పు.

మరి వండేవారికి ఎవరు ప్రోత్సాహం ఇస్తారు? సంప్రదింపు తరగతుల్లో నేను విద్యార్థులను "మీకు ఏయే విద్యలు వచ్చు?" అని అడిగేవాణ్ణి. గృహిణులుగా ఉంటూ చదువుకొనే విద్యార్థినులలో చాలామంది "ఏమీ రావు సార్, ఇంట్లోనే ఉంటాను" అనేవారు. మరుసటి ప్రశ్నగా "సంగటి ఉండలు కట్టకుండా ఎలా చేస్తారు?" అని అడిగితే ఐదు నిమిషాలు తడుముకోకుండా చెప్పేవారు. సెగ, నీరు, సమయం, పిండి స్వభావం అన్నీ ఆ వివరణలో ఉండేవి. అది ప్రయోగశాలలో చెప్పే పద్ధతికి ఏ మాత్రం తీసిపోదు. అయినా దానిని విద్య అని వారికి ఎవరూ చెప్పలేదు. అందుకే వారూ అనుకోలేదు.

ఈ గుర్తింపు లేకపోవడం మాటలతో ఆగే విషయం కాదు. జాతీయ గణాంక కార్యాలయం 2019లో దేశవ్యాప్తంగా కాల వినియోగ సర్వే చేసింది. ఆరేళ్ళు, అంతకు మించిన వయసువారిలో జీతం లేని ఇంటి పనిలో పాల్గొన్న స్త్రీలు 81.2 శాతం, పురుషులు 26.1 శాతం. ఆ పనిలో పాల్గొన్నవారు సగటున రోజుకు వెచ్చించిన కాలం స్త్రీలది 299 నిమిషాలు, పురుషులది 97 నిమిషాలు. అంటే స్త్రీ ఇంటి పనికి దాదాపు ఐదు గంటలు పెడుతోంది. ఇందులో వంటదే పెద్ద భాగమని మన ఇళ్ళను చూస్తే తెలుస్తుంది. జాతీయాదాయ లెక్కల్లో ఈ గంటలు చేరవు.

న్యాయస్థానాలు ఈ విషయాన్ని గమనించాయి. 2021 జనవరిలో సుప్రీంకోర్టు ఒక రోడ్డు ప్రమాద పరిహారం కేసులో తీర్పు ఇస్తూ, గృహిణి శ్రమకు ఆర్థిక విలువ కట్టవలసిందేనని స్పష్టం చేసింది. ఆ ధర్మాసనంలో ఉన్న తెలుగు న్యాయమూర్తి ఎన్.వి. రమణ తన అభిప్రాయంలో పైన చెప్పిన కాల వినియోగ సర్వేను ప్రస్తావించారు. ఒక విచారకరమైన అంశాన్ని కూడా ఇక్కడ గమనించాలి. ఇలాంటి కేసుల్లో ఆ విలువ లెక్కకు వస్తున్నది గృహిణి మరణించిన తరువాతే.

కాబట్టి ఇంటి వంటను పొగడటం ఒక్కటే సరిపోదు. 'అమ్మ చేతి వంట' అని మురిసిపోయి, అమ్మ అందరికన్నా చివర తింటున్న సంగతిని పట్టించుకోకపోతే ఆ పొగడ్త అమ్మకు భారమే అవుతుంది. నిజమైన ప్రోత్సాహానికి మూడు లక్షణాలు ఉంటాయి. మొదటిది, బాగున్నప్పుడు నోరు తెరిచి చెప్పడం. రెండవది, కొత్తగా ఏదైనా ప్రయత్నించినప్పుడు రుచి కుదరకపోయినా చిన్నబుచ్చకపోవడం. మూడవది, పనిలో పాలు పంచుకోవడం. మగపిల్లలకు కూడా వంట నేర్పడం ఈ మూడవదానిలో భాగం. పెళ్ళిళ్ళలో వందల మందికి వండే మగ వంటవాళ్ళను మనం గౌరవంగా చూస్తాం. ఇంట్లో నలుగురికి వండటం మగవాడికి తగదని మాత్రం అనుకుంటాం. ఈ వైరుధ్యాన్ని ఆలోచించండి.

మీ ప్రగతిని సరిచూసుకోండి
4. సీమ వంటలో మిరప, వేరుశనగల చరిత్ర సంప్రదాయం గురించి మనకు ఏమి నేర్పుతుంది?
5. 2019 కాల వినియోగ సర్వేలోని ముఖ్యాంశాలు ఏవి?

6. మారుతున్న వంటిల్లు

గత నాలుగు దశాబ్దాల్లో సీమ కంచం చాలా మారింది. 1983లో ఆంధ్రప్రదేశ్‌లో కిలో 2 రూపాయల బియ్యం పథకం మొదలైంది. పండుగనాటి వరన్నం రోజువారీ కూడు అయింది. 2013 జాతీయ ఆహార భద్రత చట్టం ముతక ధాన్యాలను కూడా కిలో 1 రూపాయికి ఇచ్చే వీలు కల్పించింది. ఆచరణలో మన కార్డు మీద ప్రధానంగా అందింది బియ్యమే. జొన్న, కొర్ర సాగు తగ్గింది. వాటితో పాటు వాటి వంటలూ వెనుకబడ్డాయి.

దీనిని కేవలం నష్టంగా చూడటం సరికాదు. బియ్యం ఆకలిని తగ్గించింది. మరొక మేలు కూడా చేసింది. కొర్ర, అరిక, సామ వంటి గింజల మీద గట్టి పొట్టు ఉంటుంది. రోట్లో పోసి రోకళ్ళతో దంచితే గాని అది ఊడదు. తెల్లవారకముందే లేచి దంచిన చేతులు స్త్రీలవి. దంపుళ్ళ పాటలు, తిరగలి పాటలు మన జానపద సాహిత్యానికి ఆస్తి. ఆ పాటలు పుట్టింది మాత్రం నడుము విరిగే చాకిరీలో. బియ్యం ఇంటికి వచ్చినప్పుడు ఆ చేతులకు విశ్రాంతి దొరికింది. పాత వంట పోయిందని బాధపడేవారు ఈ సంగతిని ముందుగా గుర్తుచేసుకోవాలి.

ఇప్పుడు పరిస్థితి మళ్ళీ మారుతోంది. ఐక్యరాజ్యసమితి 2023ను అంతర్జాతీయ చిరుధాన్యాల సంవత్సరంగా ప్రకటించింది. అదే ఏడాది ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ పాఠశాలల్లో పిల్లలకు రాగిజావ ఇవ్వడం ప్రారంభించారు. నంద్యాలలోని ప్రాంతీయ వ్యవసాయ పరిశోధనా స్థానం కొర్రలో 'సూర్యనంది' వంటి రకాలను రూపొందించింది. పొట్టు తీసే యంత్రాలు వచ్చాయి. దంచే చాకిరీ లేకుండా కొర్రన్నం వండుకొనే వీలు కలిగింది.

కర్నూలు, నంద్యాల వంటి పట్టణాల్లో సాయంత్రం వేళ వీధి పక్కన స్త్రీలు జొన్నరొట్టెలు చేసి అమ్మడం మీరు చూసే ఉంటారు. ఇంట్లో జీతం లేకుండా చేసిన అదే పని వీధిలోకి వచ్చేసరికి ఆదాయం తెచ్చిపెట్టింది. మధుమేహం ఉన్నవారు, ఇంట్లో రొట్టె తట్టడం రానివారు, పల్లె రుచి కోరే ఉద్యోగులు అక్కడ కొంటున్నారు. విద్యకు విలువ కట్టడం అంటే ఏమిటో ఈ పొయ్యిల దగ్గర కనిపిస్తుంది. అదే సమయంలో మరో విషయం కూడా గమనించాలి. కొనుక్కొనేవారు పెరిగి, నేర్చుకొనేవారు తగ్గితే ఈ విద్య కొద్దిమంది చేతుల్లోనే మిగిలిపోతుంది. ఇంటింటా ఉన్న విద్యకు ఇల్లిల్లూ ఒక కొత్త మార్పు చేర్చేది. కొద్దిమంది చేతుల్లో ఉన్న విద్యలో ఆ వైవిధ్యం ఉండదు.

7. సారాంశం

కర్నూలు, కడప ప్రాంతాల ఇంటి వంట తక్కువ వానలు, రేగడి, ఎర్రనేలలు, మెట్ట ధాన్యాల నుంచి రూపొందింది. కొద్ది సరుకుతో ఎన్నో వంటకాలను కల్పించిన సృజన అందులో ఉంది. ఆ తెలివి చాలావరకు కొలతల్లో చెప్పలేని అవ్యక్త జ్ఞానం. సంప్రదాయంగా మనం భావించే మిరప, వేరుశనగ, ఉగ్గాని వంటివి ఒకప్పుడు కొత్తగా వచ్చినవి, పొరుగువారితో పంచుకొన్నవి. కాబట్టి వంటలో సంప్రదాయం మారుతూ నిలుస్తుంది. వంట తినేవారికి ప్రోత్సాహం ఇస్తుంది. వండేవారికి మాత్రం గుర్తింపు, పనిలో తోడు చాలినంత అందడం లేదు. పాత వంటలను కాపాడటం అంటే వాటి వెనుక ఉన్న చాకిరీని తిరిగి తేవడం కాదు. ఆ విద్యను విద్యగా గుర్తించి, పనిని పంచుకొని, మార్చుకొనే స్వేచ్ఛతో నేర్చుకోవడం.

8. కీలక పదాలు

భౌతిక సంస్కృతి: ఒక సమాజం వస్తువుల రూపంలో, వాటిని తయారుచేసే పద్ధతుల రూపంలో వ్యక్తం చేసే సంస్కృతి.
అవ్యక్త జ్ఞానం: చేతకు వచ్చినా మాటల్లో పూర్తిగా చెప్పలేని తెలివి.
ఊరిబిండి: వేయించిన వేరుశనగలతో నూరే పచ్చడి.
బ్యాళ్ళు: పప్పుబద్దలు.
వరుగులు: ఉప్పు చల్లి ఎండబెట్టిన కూరగాయ ముక్కలు.
సద్ది: పొలానికి, ప్రయాణానికి కట్టుకొని వెళ్ళే కూడు.

9. మాదిరి పరీక్షా ప్రశ్నలు

క్రింది ప్రశ్నలకు సుమారు 30 పంక్తుల్లో సమాధానాలు రాయండి.
1. సీమ ఇంటి వంటలోని సృజనను తగిన ఉదాహరణలతో వివరించండి.
2. 'సంప్రదాయం మారుతూ నిలుస్తుంది' – ఈ అభిప్రాయాన్ని చర్చించండి.

క్రింది ప్రశ్నలకు సుమారు 10 పంక్తుల్లో సమాధానాలు రాయండి.
1. చౌక బియ్యం రాక వల్ల సీమ వంటింట్లో కలిగిన మేలు, నష్టాలు ఏవి?
2. వంట చేసేవారికి నిజమైన ప్రోత్సాహం ఎలా ఉండాలి?

క్షేత్ర అభ్యాసం

మీ ఇంట్లోనో, వీధిలోనో అరవై ఏళ్ళు దాటిన ఒకరిని ఎంచుకోండి. వారు చేసే ఒక వంటను, వారి అనుమతితో, పక్కన కూర్చొని చూడండి. వాడిన పదాలను వారు పలికినట్లే రాయండి. 'కొంచెం', 'చూసుకొని', 'పిండి అడిగినన్ని' వంటి మాటలు వచ్చినచోట వారి చేయి ఏం చేసిందో గమనించి రాయండి. ఆ వంటను వారు ఎవరి దగ్గర నేర్చుకొన్నారో, తాము ఏమి మార్చారో అడగండి. తరువాత మీరే ఆ వంట చేసి వారికి పెట్టండి. వారు ఏమన్నారో కూడా నివేదికలో చేర్చండి. ఈ అభ్యాసం స్త్రీ పురుష విద్యార్థులందరికీ వర్తిస్తుంది.